మద్దెల నిజంగానే ఓడైతే?

మోచెయ్యి నొప్పిగా ఉంది, రాకెట్‌లో ఏదో తేడా ఉన్నట్టుంది అని కోర్టులో ఎవరితోనైనా అని చూడండి. వెంటనే వచ్చే జవాబు ఒకటే: ఆడలేక మద్దెల ఓడు! పక్కనున్నవాళ్ళు నవ్వుతారు, మర్యాదకి మీరూ నవ్వుతారు, నొప్పి మాత్రం అలాగే ఉంటుంది. సామెత మీద నాకేం కోపం లేదు. కానీ దాన్ని మొదట అన్న పెద్దమనిషి ఆ మద్దెలని ఒకసారి తను వాయించి, బాగానే ఉందని చూసుకున్నాకే అనుంటాడు. మనవాళ్ళకి ఆ ఓపిక లేదు. మద్దెల ముట్టుకోకుండానే తీర్పు చెప్పేస్తారు.

నేను చెప్పదల్చుకున్నది ముందే సూటిగా చెప్పేస్తాను, తర్వాత తిట్టేవాళ్ళకి సులువుగా ఉంటుంది. వారానికి రెండు మూడు రోజులు సరదాకి ఆడే మనిషి రాకెట్‌లో నిండా పాలియెస్టర్ స్ట్రింగ్స్ ఉండకూడదు. ముప్ఫై ఐదు దాటినవాళ్ళ రాకెట్‌లో అసలే ఉండకూడదు. పదేళ్ళ పిల్లల రాకెట్‌లో కనిపిస్తే అది కట్టినవాడిదీ, కట్టమన్న కోచ్‌దీ, అడక్కుండా డబ్బులిచ్చిన తల్లిదండ్రులదీ తప్పు. ఎవరిష్టం వాళ్ళది అని వదిలేసే విషయం కాదిది, ఎందుకంటే నష్టపోయేది చెయ్యి.

మన ఊళ్ళల్లో రాకెట్‌కి తీగలు వేయించడాన్ని గట్టింగ్ అంటారు. పూర్వం పశువుల పేగుతో చేసిన తీగలే ఉండేవి కాబట్టి ఆ పేరొచ్చింది. ఇప్పుడు పేగు పోయి పేరు మాత్రం మిగిలింది. షాపుకెళ్తే జరిగే సంభాషణ ఎక్కడైనా ఇంతే:

"సార్, ఎంత వెయ్యమంటారు?"

"యాభై ఐదు ఏసెయ్ అన్నా."

అంతే, అయిపోయింది. ఏ స్ట్రింగ్ అని ఆయన అడగడు, మనం చెప్పం. వారానికెన్ని గంటలు ఆడతారు, చెయ్యి ఎప్పుడైనా నొప్పి చేసిందా, పోయినసారి వేసినవి తెగాయా లేక మీరే తీయించారా, ఇవేవీ రావు. యాభై ఐదు ఎక్కడిదయ్యా అంటే, ఫ్రేమ్ మీద 50 నుంచి 60 అని రాసుంది, మధ్యలోది పట్టుకున్నాం. ఆ అంకె రాసినవాడు మీరు ఏ తీగ వేస్తారో తెలీకుండా రాశాడు. అదే 55 పౌండ్లు నైలాన్‌కి వేస్తే ఒక రాకెట్టు, పాలియెస్టర్‌కి వేస్తే పలక. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే, డిఫాల్ట్ వాల్యూ ఉంది కదా అని అలాగే వదిలేసి, ప్రొడక్షన్‌లో కూలిపోయాక యూజర్‌దే తప్పనడం.

కాస్త తీగల సంగతి చూద్దాం. ముఖ్యంగా నాలుగు రకాలు. మొదటిది నేచురల్ గట్, ఆవు పేగు పొరతో చేసేది. ఫ్రాన్స్‌లో లియాన్‌కి చెందిన బాబోలా కంపెనీ 1875 నుంచి చేస్తోంది. రెండోది నైలాన్. మధ్యలో ఒక లావు పోగు, చుట్టూ సన్న పోగులు ఉంటే దాన్ని సింథటిక్ గట్ అంటారు. లావు పోగు లేకుండా వందల కొద్దీ సన్న పోగుల్ని పేని, జిగురుతో అతికిస్తే అది మల్టీఫిలమెంట్, ముద్దుగా మల్టీ. మూడోది పాలియెస్టర్, అదే పాలీ. ఇది ఒకే ఒక్క గట్టి పోగు. నాలుగోది కెవ్లార్, బుల్లెట్‌ప్రూఫ్ చొక్కాల్లో వాడే సరుకు. దాని గురించి మాట్లాడుకోకపోవడమే మంచిది.

ఇప్పుడు అసలు తేడా. తీగ ఎంత బిరుసు అన్నదానికి ఒక కొలత ఉంది, దెబ్బ తగిలినప్పుడు ఒక అంగుళం సాగాలంటే ఎన్ని పౌండ్ల బలం కావాలి అని. ఉజ్జాయింపుగా చూస్తే గట్ 100 చుట్టుపక్కల ఉంటుంది. నైలాన్ రకాలు 150 నుంచి 200. పాలీ 200 నుంచి 300. కెవ్లార్ 500 పైన. అంటే ఒకే టెన్షన్ మీద కట్టినా పాలీ, గట్‌కి రెండింతల పైన బిరుసు. టెన్షన్ గురించి గంటలు గంటలు వాదించుకునేవాళ్ళు ఈ అంకెల్ని ఎందుకు పట్టించుకోరో నాకర్థం కాదు. అసలు లెక్కలో పెద్ద అంకె ఇదీ, టెన్షన్ దాని తర్వాతది.

మరి అంత బిరుసుదాన్ని ఎవరు నెత్తికెత్తుకున్నారు? 1997 ఫ్రెంచ్ ఓపెన్. బ్రెజిల్ కుర్రాడు గుస్తావో కుయెర్తెన్, ప్రపంచ ర్యాంకు 66, వచ్చి కప్పు పట్టుకుపోయాడు. అతని రాకెట్‌లో బెల్జియం కంపెనీ లుక్సిలాన్ చేసిన పాలియెస్టర్ తీగ. అప్పటిదాకా పాలీ అంటే తెగకుండా ఉండటానికి వాడే చవక సరుకు. తర్వాత పదేళ్ళలో ప్రొఫెషనల్ ఆట మొత్తం దానివైపు మళ్ళిపోయింది. లుక్సిలాన్ వాళ్ళదే ఆలూ పవర్ చాలా పేరున్న తీగ. పేరులో ఆలూ ఉంది కదా ఉడకబెట్టినట్టు మెత్తగా ఉంటుందనుకునేరు, అది అల్యూమినియంలోని ఆలూ.

పాలీ గొప్పదనం ఏంటంటే స్పిన్. చాలామంది అనుకునేట్టు తీగ గరుకుగా ఉండి బంతిని పట్టుకోవడం వల్ల కాదు. ఉల్టా. పాలీ నున్నగా జారుతుంది. బంతిని కిందినుంచి పైకి రుద్దుతూ కొట్టినప్పుడు నిలువు తీగలు అడ్డతీగల మీద పక్కకి జారి, బంతి ఇంకా తీగల మీద ఉండగానే టక్కున వెనక్కొస్తాయి. ఆ వెనక్కి రావడమే అదనపు స్పిన్. నైలాన్ తీగలు పక్కకి జారి అక్కడే ఉండిపోతాయి, పాయింటు పాయింటుకీ వేళ్ళతో సర్దుకుంటుంటాం చూడండి, అదన్నమాట.

కాబట్టి ప్రొఫెషనల్స్ పిచ్చివాళ్ళేం కాదు. ఊపిరి బిగబట్టి బలంకొద్దీ కొట్టినా బంతి గీత లోపల దిగాలంటే వాళ్ళకి ఆ స్పిన్ కావాలి. పైగా వాళ్ళు ఆ స్ట్రింగ్స్‌ని ఎంతసేపు వాడతారు? మ్యాచ్‌కి ముందు ఐదారు రాకెట్లు కొత్తగా కట్టించుకుని బ్యాగులో వేసుకొస్తారు. మొదట 7 గేములకీ, తర్వాత ప్రతి 9 గేములకీ బంతులు మారుస్తారు కదా, చాలామంది ఆ బంతులతో పాటే రాకెట్ కూడా మార్చేస్తారు. అంటే ఒక్కో కట్టు ఆయుష్షు గంట కంటే తక్కువ. మనం? పోయిన సంక్రాంతికి వేయించింది, ఇంకా తెగలేదండీ అని గర్వంగా చెప్పుకుంటాం.

ఇక్కడే ఉంది విషం. పాలీ తెగదు, కానీ చచ్చిపోతుంది. కట్టిన మొదటిరోజే టెన్షన్ గణనీయంగా పడిపోతుంది, అన్ని రకాల్లోకీ దీనికే ఈ జబ్బు ఎక్కువ. పదిహేను ఇరవై గంటల ఆట తర్వాత అందులో సాగే గుణం పోతుంది, తీగలు ఒకదాన్నొకటి కోసుకుని గాడులు పడతాయి, జారి వెనక్కి రావడం ఆగిపోతుంది. అంటే ఏ స్పిన్ కోసం బిరుసుని భరించారో ఆ స్పిన్ పోయి, బిరుసు మాత్రం మిగులుతుంది. బంతి పోవట్లేదని ఇంకా గట్టిగా కొడతారు. గట్టిగా కొట్టేకొద్దీ చెయ్యి గుంజుతుంది. వారానికి మూడు గంటలు ఆడేవాడికి పాలీ నెలన్నరలో పోతుంది. ఏడాది ఉంచితే పదిన్నర నెలలు శవంతో ఆడుతున్నట్టు. షాపువాడు మాత్రం "సార్, ఇది తెగదు" అని దాన్నే గొప్పగా చెప్తాడు. తెగకపోవడం ఇక్కడ గుణం కాదండీ, దోషం. నైలాన్ అయితే పాడైనప్పుడు పోగులు లేచి కళ్ళకి కనపడుతుంది, చివరికి తెగి మిమ్మల్ని వదిలిపెడుతుంది. పాలీ వదలదు.

షాపువాడి లెక్క కూడా చెప్పాలి, పాపం ఆయన వ్యాపారం ఆయనది. ఒక రాకెట్‌కి పట్టేది సుమారు 12 మీటర్లు. పాలీ 200 మీటర్ల రీలుగా వస్తుంది, అంటే ఒక రీలుకి పదహారు రాకెట్లు. ఒక రీలు గోడకి తగిలించుకుంటే పదహారు మంది వరసగా అదే వేయించుకుంటారు. మీ చేతికి ఏది మంచిదని కాదు, గోడకి ఏది తగిలించి ఉందో అది మీ రాకెట్‌లోకొస్తుంది. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న మనవాళ్ళకైతే ఈ సాకు కూడా లేదు, అక్కడ అన్ని రకాలూ దొరుకుతాయి. అయినా అక్కడి అపార్టుమెంటు కోర్టుల్లో చూసినా ముప్పావు వంతు నల్లతీగలే. నాదల్ వాడాడుగా, బాబోలా ఆర్‌పీఎం బ్లాస్ట్!

అవును, వాడాడు. ఆయన మోకాలు, పాదం, నడుము చూసుకోవడానికి ఓ బృందమే ఉండేది. మరి ఫెదరర్ ఏం వాడాడో చూశారా? నిలువు తీగలు నేచురల్ గట్, అడ్డతీగలు మాత్రం పాలీ. జొకోవిచ్‌ది కూడా చాలా ఏళ్ళుగా అదే పద్ధతి. అంటే వాళ్ళంతటివాళ్ళు కూడా బంతి దెబ్బని ఎక్కువగా కాచుకునే నిలువు తీగల్ని మెత్తనివే పెట్టుకున్నారు. అయినా జొకోవిచ్‌కి 2017లో మోచెయ్యి తిరగబడి వింబుల్డన్ తర్వాత సీజన్ మొత్తం వదులుకోవాల్సొచ్చింది, 2018 మొదట్లో ఆపరేషన్ అయింది. గట్ పెట్టుకుని, ఫిజియోల్ని పక్కన పెట్టుకుని ఆడే వాడి మోచేతి సంగతే అలా ఉంటే, పొద్దున్న ఐదున్నరకి లేచి వార్మప్ లేకుండా సర్వీసు కొట్టే మన మోచేతి సంగతేంటి? పులిని చూసి నక్క వాత పెట్టుకోవడం అంటే ఇదే. వాతైనా పైపైన ఉంటుంది, ఇది లోపల పడుతుంది.

లోపల ఏం పడుతుందో చెప్తాను. మోచేతికి బయటివైపు ఎముక బుడిపె ఒకటి తగులుతుంది. మణికట్టుని వెనక్కి ఎత్తే కండరాలన్నీ ఒక టెండన్‌గా కలిసి అక్కడ అతుక్కుంటాయి. రాకెట్ గట్టిగా పట్టుకున్నప్పుడల్లా, బంతి తగిలినప్పుడల్లా ఆ అతుకు మీదే లాగుడు. అది మళ్ళీ మళ్ళీ జరిగి, మానే వేగం కన్నా చిరిగే వేగం ఎక్కువైతే వచ్చేదే టెన్నిస్ ఎల్బో. 35 నుంచి 50 ఏళ్ళ మధ్యవాళ్ళకి ఎక్కువ. మన దేశంలో ఈ పేరు ఇంటింటికీ తెలిసింది 2004లో, సచిన్‌కి వచ్చినప్పుడు. 2005లో ఆపరేషన్ కూడా చేయించుకున్నాడు. టెన్నిస్ ఆడనివాళ్ళకీ వస్తుంది, వడ్రంగులకి వస్తుంది, బట్టలు పిండేవాళ్ళకి వస్తుంది. కీబోర్డు మీద మణికట్టు పైకెత్తి పెట్టి రోజుకి తొమ్మిది గంటలు టైపు చేసే మావాళ్ళ చేతిలో కూడా పనిచేసేది ఆ కండరాలే. అంటే కోర్టుకొచ్చేసరికే మా టెండన్ సగం డ్యూటీ చేసేసి ఉంటుంది. దానికి పైన పాలీతో వడ్డన.

నొప్పి వస్తే ఏమవుతుందో తెలుసా? బకెట్టు ఎత్తలేరు. తలుపు గొళ్ళెం తిప్పలేరు. కాఫీ కప్పు పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది. పిల్లని ఎత్తుకోలేరు. ఇది వారంలో పోయేది కాదు, నెలలు పడుతుంది, కొందరికి ఏడాది. త్వరగా తగ్గాలని స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకునేవాళ్ళున్నారు. కొన్ని వారాలు హాయిగానే ఉంటుంది. కానీ 2013లో జామా వైద్య పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం, ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళకి ఏడాది తిరిగేసరికి, తీసుకోనివాళ్ళ కన్నా ఫలితం అధ్వాన్నంగా ఉంది, నొప్పి తిరగబెట్టడమూ ఎక్కువే. కొండ నాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు.

ఇప్పుడు టెన్షన్ దగ్గరికొద్దాం. తెలుగువాళ్ళకి టెన్షన్ అంటే పరీక్షలూ, పెళ్ళిళ్ళూ, అప్రైజళ్ళూ. రాకెట్ టెన్షన్‌కీ సూత్రం అదే, తగ్గితే ఆరోగ్యం. బంతి తీగల మీద ఉండేది దాదాపు 5 మిల్లీసెకన్లు. మనకి దెబ్బ తగిలినట్టు తెలిసేసరికే బంతి వెళ్ళిపోయి ఉంటుంది. ఆ కాస్త సమయంలో బంతి ఆగి, తిరిగి, వెళ్ళాలి. తీగలు మెత్తగా ఉంటే ఎక్కువ లోతుకి వంగుతాయి, బంతి కొంచెం ఎక్కువసేపు ఉంటుంది, అదే పని కొంచెం ఎక్కువ సమయంలో జరుగుతుంది కాబట్టి బలం శిఖరం తగ్గుతుంది. బస్సు బ్రేకు మెల్లగా వేయడానికీ, సడెన్‌గా వేయడానికీ ఉన్న తేడా. పదో తరగతి ఫిజిక్సు చాలు.

"టెన్షన్ తగ్గిస్తే బంతి వెళ్ళి గోడవతల పడుతుందండీ, కంట్రోల్ ఉండదు" అంటారు. ఇందులో కొంత నిజం ఉంది, కొంత భయం ఉంది. 10 పౌండ్లు తగ్గించినా బంతి వేగం పెరిగేది ఒకటి రెండు శాతమే. తేడా ఎక్కడొస్తుందంటే, మెత్తని తీగల మీంచి బంతి కొంచెం పై కోణంలో లేస్తుంది, అందుకని లోతుగా పడుతుంది. దానికి మందు రెండు మూడు సెషన్ల అలవాటు, కాస్త స్వింగు సర్దుబాటు. ఒక పక్క సంప్రాస్ ఉన్నాడు, 70 పౌండ్ల పైన కట్టించుకునేవాడు, కానీ గుర్తుపెట్టుకోండి అది నేచురల్ గట్, పాలీ కాదు. ఇంకో పక్క ఫ్రాన్స్ ఆటగాడు మన్నారినో ఉన్నాడు, 30 పౌండ్ల లోపే కట్టించుకుంటాడు. ఆ వదులు తీగలతోనే 2023లో మూడు టైటిళ్ళు గెలిచి, 2024 జనవరిలో ప్రపంచ 17వ ర్యాంకు దాకా వెళ్ళాడు. ఆయనకి లేని కంట్రోల్ సమస్య మన కాలనీ డబుల్స్‌లో మనకొచ్చిందంటే, సామెత అప్పుడు వాడుకోండి, నేనేమీ అనను.

పాలీ కట్టేటప్పుడు మామూలు కన్నా 5 నుంచి 10 శాతం తగ్గించి కట్టమని తయారుచేసినవాళ్ళే చెప్తారు. మనవాళ్ళు నైలాన్ రోజుల నాటి 55నే పట్టుకుని పాలీకి కూడా అదే వేయిస్తున్నారు. ఇంకో మెలిక, షాపులో మెషిన్. ఎలక్ట్రానిక్ మెషిన్ లాగుతూనే ఉంటుంది. చేత్తో తిప్పే పాతరకం మెషిన్ అంకె రాగానే లాక్ అయిపోతుంది, తీగ ఆ తర్వాత కాస్త సడలుతుంది. ఒకే 55, రెండు మెషిన్ల మీద రెండు రకాల రాకెట్లు. అందుకని వేరేవాళ్ళ అంకె మీకు పనికిరాదు. ఒకే చోట, ఒకే మెషిన్ మీద కట్టించుకుని, మీ పాత అంకె నుంచి రెండేసి పౌండ్లు తగ్గించుకుంటూ పోవాలి. ఒకసారికి ఒక్కటే మార్చండి, రెండూ మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు. డీబగ్గింగ్‌కైనా మోచేతికైనా ఇదే పద్ధతి.

ఇక ఎదురువాదాలు. మొదటిది, అసలు సమస్య టెక్నిక్‌ది. నిజమే. ఒంటిచేత్తో బ్యాక్‌హ్యాండ్ ఆలస్యంగా, మోచెయ్యి ముందుకి తోసి కొట్టేవాళ్ళకి ఏ తీగ వేసినా నొప్పి వస్తుంది. కోచ్ దగ్గరికెళ్ళండి, నేర్చుకోండి. కానీ బ్యాక్‌హ్యాండ్ మార్చుకోవడానికి ఏడాది పడుతుంది, స్ట్రింగ్స్ మార్చుకోవడానికి అరగంట. ఏడాది పట్టేది పూర్తయ్యేదాకా అరగంటది చెయ్యకూడదని ఏ శాస్త్రంలో ఉంది? పైగా తప్పు టెక్నిక్ ఉన్నవాడికే మెత్తని తీగ ఎక్కువ అవసరం. డ్రైవింగ్ సరిగా రానివాడికి హెల్మెట్ ఎందుకు అన్నట్టుంది ఈ వాదన.

రెండోది, డ్యాంపెనర్ పెట్టుకున్నాం కదా. తీగల మధ్య పెట్టే ఆ రబ్బరు బొమ్మ శబ్దాన్ని మారుస్తుంది, అంతే. తీగలు సెకనుకి 500 సార్ల చుట్టుపక్కల కంపిస్తాయి, రబ్బరు ఆపేది దాన్ని. చేతికి చేరే ఫ్రేమ్ కంపనం సెకనుకి 100 నుంచి 200 మధ్య ఉంటుంది, దాన్ని ఆ బుల్లి రబ్బరు ఏమీ చెయ్యలేదు. టింగ్ అనేది టక్ అవుతుంది. చెవికి సుఖం, చేతికి శూన్యం.

మూడోది, ఖర్చు. మల్టీ త్వరగా తెగుతుంది, డబ్బులెవరిస్తారు? దీనికి నా దగ్గర ఒక్క ప్రశ్నే ఉంది. పోయిన ఏడాది మీ స్ట్రింగ్స్ ఎన్నిసార్లు తెగాయి? ఒక్కసారి కూడా తెగలేదంటే పాలీ మన్నిక మీకు అక్కర్లేని సరుకు, దాని బిరుసు మాత్రం ఉచితంగా మోస్తున్నారు. సంవత్సరానికి మూడు నాలుగుసార్లు తెగితే మల్టీయో సింథటిక్ గట్టో హాయిగా చాలు. మల్టీని వారం తిరక్కుండా తెంపేసే కుర్రాళ్ళున్నారు, వాళ్ళ సంగతి వేరు, వాళ్ళు ఒక పక్క పాలీ, ఒక పక్క మెత్తనిది కలిపి కట్టుకోవచ్చు. అయినా ఖర్చు గురించి మాట్లాడేటప్పుడు ఫిజియోథెరపీ ఫీజు కూడా అదే కాగితం మీద రాయండి.

నాలుగోది, నేచురల్ గట్. చేతికి అంతకన్నా మంచిది లేదు, టెన్షన్ నిలుపుకోవడంలో కూడా అదే మొదటిది. అలాగని అందరూ అదే వేయించుకోండని నేననను. ధర నైలాన్‌కి కొన్ని రెట్లు. తడి తగిలితే పాడవుతుంది, మన వానాకాలంలో దానికి కష్టం. అన్నిటికన్నా ముఖ్యం, అది ఆవు పేగు. మన ఇళ్ళల్లో చాలామందికి అది పట్టింపు, ఆ పట్టింపుని గౌరవించాలి. అన్నిటికీ గట్టింగ్ అనే ఊళ్ళో, ఇది నిజంగానే గట్ అని చెప్పి అమ్మడం కనీస ధర్మం. వద్దనుకున్నవాళ్ళకి మంచి మల్టీ ఉంది, విల్సన్ ఎన్ఎక్స్‌టీ, టెక్నిఫైబర్ ఎక్స్ వన్ బైఫేజ్ లాంటివి. చవగ్గా కావాలంటే ప్రిన్స్ సింథటిక్ గట్ ఉంది, దాని పేరులో గట్ ఉన్నా పేగుతో సంబంధం లేదు.

అన్నిటికన్నా నాకు ఒళ్ళు మండేది పిల్లల విషయంలో. 2005లో సానియా మీర్జా హైదరాబాదులో డబ్ల్యూటీఏ టైటిల్ గెలిచినప్పటి నుంచీ మనవాళ్ళు పిల్లల్ని టెన్నిస్‌కి పంపడం మొదలెట్టారు, సంతోషమే. 2012 నుంచి అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య పదేళ్ళ లోపు పిల్లల పోటీల్లో మామూలు పసుపు బంతి వాడకూడదని, నెమ్మదిగా వెళ్ళే ఎరుపు, నారింజ, ఆకుపచ్చ రకాలే వాడాలని రూలు పెట్టింది. ఎందుకు? పిల్లల శరీరం పెద్దవాళ్ళ శరీరానికి చిన్నసైజు జిరాక్సు కాదు కాబట్టి. ఎముకల చివర్లు ఇంకా పెరుగుతుంటాయి. బంతి దగ్గర ఇంత జాగ్రత్త పడి, దాన్ని కొట్టే తీగ దగ్గర మాత్రం పెద్దవాళ్ళ పాలీనే చుట్టేస్తే ఏం లాభం? పదేళ్ళ పిల్లకి నిలువు తీగలు జారి వెనక్కొచ్చేంత వేగం ఎక్కడుంటుంది? ఆ స్పిన్ ఆ వయసులో రానే రాదు, వచ్చేది దెబ్బే. పిల్లలకి నొప్పి అంటే చెప్పుకోవడం కూడా తెలీదు, చెప్తే "అలవాటైపోతుందిలే" అంటారు. నొప్పి అలవాటవ్వాల్సిన వస్తువు కాదు. తల్లిదండ్రులారా, ఫీజు రసీదు అడిగినట్టే రాకెట్‌లో ఏ తీగ ఉందో కూడా అడగండి. కోచ్‌కి కోపమొస్తే రానివ్వండి.

మరి ఏం చెయ్యాలి అంటారా? నా మటుకు లెక్క ఇది.

1. షాపుకెళ్ళి "యాభై ఐదు" అని కాదు, ముందు "మల్టీ" లేదా "సింథటిక్ గట్" అని చెప్పండి. అంకె తర్వాత. గోడమీద లేకపోతే ప్యాకెట్ మీరే కొనుక్కుని తీసుకెళ్ళండి, కట్టుకూలి ఇస్తే కట్టిస్తారు.

2. మల్టీకి 50 నుంచి 52 పౌండ్ల దగ్గర, అంటే 23 కిలోల చుట్టుపక్కల మొదలుపెట్టి, రెండేసి తగ్గించుకుంటూ చూడండి.

3. పాలీ లేకపోతే అన్నం సహించదు అనేవాళ్ళు నిలువుకి మల్టీ, అడ్డానికి పాలీ వేసి, 48 దాటకండి. 20 గంటల ఆట అవగానే, తెగినా తెగకపోయినా, కోసి పారెయ్యండి.

4. నైలాన్‌కి కూడా గడువుంది. వారానికి ఎన్నిసార్లు ఆడితే ఏడాదికి కనీసం అన్నిసార్లు మార్చండి.

5. ఫ్రేమ్ కూడా చూసుకోండి. బిరుసు కొలత ఆర్ఏ 70 దగ్గరున్న తేలికపాటి రాకెట్, దానికి పాలీ, దానికి 55. ఇంతకన్నా చెయ్యి చెడగొట్టుకునే కాంబినేషన్ కావాలని వెతికినా దొరకదు. కాస్త బరువుండి, 65 లోపు ఉన్నది మేలు.

6. బొచ్చు ఊడి, గాలి పోయిన బంతులతో ఆడకండి. తడిసినవైతే అసలే వద్దు.

7. నొప్పి ఇప్పటికే మొదలైతే ఇవేవీ వైద్యం కావు. ఆట ఆపి, మంచి ఫిజియోని కలిసి, ముంజేతి కండరాలకి నెమ్మదిగా బలం పెంచే వ్యాయామాలు నేర్చుకోండి. తీగలు మార్చడం మళ్ళీ కోర్టుకొచ్చే ముందు చెయ్యాల్సిన పని.

ఇన్ని చెప్పాక కూడా "మా క్లబ్బులో అందరూ పాలీయే వాడుతున్నారండీ, ఎవరికీ ఏం కాలేదు" అనేవాళ్ళుంటారు. ఏమీ కానివాళ్ళే కదా క్లబ్బులో కనిపించేది. అయినవాళ్ళు నాలుగు నెలలుగా ఇంట్లో మోచేతికి ఐసు పెట్టుకుంటున్నారు, మీ లెక్కలోకి వాళ్ళు రారు. ఒక్కసారి గుర్తుచేసుకోండి, మీతో ఆడి, చెయ్యి నొప్పని మానేసి, మళ్ళీ రానివాళ్ళు ఎంతమంది? వాళ్ళలో కొందరికైనా ఫోన్ చేసి, ఏ తీగ వేయించుకునేవాళ్ళని అడగండి. ఆ జవాబు విన్నాక మీ ఇష్టం.

తా.క.: పాత స్ట్రింగ్స్ కోసేటప్పుడు ఒక మూల నుంచి కొసదాకా కోసుకుపోకండి, లాగుడు ఒకవైపే మిగిలి ఫ్రేమ్ వంగుతుంది. మధ్యలోంచి మొదలుపెట్టి నిలువొకటి, అడ్డమొకటి కోస్తూ బయటికి రండి. మే నెలలో రాకెట్‌ని కారు డిక్కీలో వదిలేసేవాళ్ళకి ప్రత్యేక నమస్కారం. అందులో రెండు రోజులుంచితే టెన్షన్ దానంతటదే తగ్గుతుంది గానీ, నేను చెప్పిన తగ్గించడం అది కాదు.